కౌమారపు నిద్ర, బడి వేళలు: చర్చ ఎక్కడ చిక్కుపడింది?

2024 జూలైలో తెలంగాణ పాఠశాల విద్యాశాఖ హైస్కూళ్ల వేళలను అరగంట ముందుకు తెచ్చింది. అంతవరకు ఉదయం 9.30కు మొదలై సాయంత్రం 4.45కు ముగిసే బడి, జంటనగరాలు మినహా రాష్ట్రమంతటా 9 గంటలకే మొదలై 4.15కు ముగియాలన్నది ఆ ఉత్తర్వు. ప్రాథమిక, ప్రాథమికోన్నత బడులు అప్పటికే 9కి తెరుస్తున్నాయి కాబట్టి అన్నిటినీ ఒకే వేళకు తేవాలన్నది అందులోని ఆలోచన. బడి వేళలు మారినప్పుడల్లా మనం బస్సుల గురించి, ఉపాధ్యాయుల రాకపోకల గురించి, మధ్యాహ్న భోజనం గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ మాట్లాడుకోవలసినవే. కానీ ఆ బడికి వచ్చే పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయి వస్తున్నారన్న ప్రశ్న మాత్రం ఆ మాటల్లోకి దాదాపు రాదు. అదే ప్రశ్న మీద అమెరికాలో ముప్పయ్యేళ్లుగా పరిశోధనలు నడిచాయి, చట్టాలు వచ్చాయి, ఒక చట్టం రద్దు కూడా అయింది. సింగపూర్, దక్షిణ కొరియా వేళలు మార్చి చూశాయి. ఆ సంగతులు ఇప్పుడు మన దాకా ముక్కలు ముక్కలుగా వచ్చి చేరుతున్నాయి. వాటిని చదివి బడి ఆలస్యంగా పెడితే చాలు పిల్లలు తేరుకుంటారనే వాళ్లు ఒకవైపు, తెల్లారగట్ల లేవలేనివాడికి చదువేం వస్తుందనే వాళ్లు మరోవైపు నిలబడ్డారు.

నేరేడుచర్ల లాంటి చోటు నుంచి చూస్తే ఈ రెండు మాటలకూ అసలు చిక్కు అందదు. మిర్యాలగూడ నుంచి కోదాడ వెళ్లే దారిలో, సాగర్ ఎడమకాల్వ ఆయకట్టులో ఉన్న ఈ చిన్న పట్టణంలో సర్కారు హైస్కూలు తెరిచే వేళ, అమెరికా పిల్లల వైద్యులు పోరాడి అడుగుతున్న వేళకంటే ఆలస్యమే. అయినా టెన్త్, ఇంటర్ చదివే పిల్లల రోజు చాలా ఇళ్లలో, దాదాపు అన్ని హాస్టళ్లలో చీకటితోనే మొదలవుతుంది. బడికి ముందు ట్యూషన్, స్పెషల్ క్లాసు, బస్సు ప్రయాణం, స్టడీ అవర్. బడి అయ్యాక మళ్లీ అవే. కాబట్టి మన దగ్గర తేల్చుకోవలసింది, పిల్లల మీద పడే తొలి తప్పనిసరి పని ఎన్నింటికి మొదలవుతోంది, చివరిది ఎన్నింటికి ముగుస్తోంది అన్నది. బడి తలుపు తెరిచే వేళ ఆ లెక్కలో ఒక అంకె మాత్రమే.

వయసుతో జరిగే నిద్రవేళ

కౌమారంలో నిద్ర రాత్రి పొద్దుపోయేవైపు జరుగుతుందన్నది ఇప్పుడు ఊహ స్థాయి దాటిన విషయం. 1970ల మధ్యలో స్టాన్‌ఫర్డ్‌లో వేసవి శిబిరాలు పెట్టి, ఒకే పిల్లలను ఏటేటా గమనించిన మేరీ కార్స్‌కడన్ పరిశోధన దీనికి పునాది. పెద్దవాళ్లయ్యేకొద్దీ పిల్లలకు నిద్ర అవసరం తగ్గుతుందని అప్పటిదాకా అనుకునేవారు. పడుకోవడానికి తగినంత సమయం ఇచ్చి చూస్తే, పదేళ్ల పిల్లలూ పదహారేళ్ల పిల్లలూ ఇంచుమించు తొమ్మిది గంటలకు పైనే నిద్రపోయారు. తగ్గింది అవసరం కాదు, దొరికే సమయమేనని తేలింది. ఆ తర్వాతి పరిశోధనలు కారణాన్ని మరింత లోతుగా చూపించాయి. యవ్వనం మొదలయ్యాక, చీకటి పడితే ఒంట్లో ఊరే మెలటోనిన్ అనే హార్మోను అంతకుముందుకంటే ఆలస్యంగా ఊరుతుంది. రోజంతా మెలకువగా ఉన్నందువల్ల పెరిగే నిద్రమత్తు కూడా చిన్నపిల్లల్లో కంటే నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే ఎనిమిదేళ్ల పిల్లవాడు తొమ్మిదింటికి కూర్చున్నచోటే ఒరిగిపోతే, పదహారేళ్ల అక్క పదకొండింటికి కూడా కళ్లు తెరుచుకునే ఉంటుంది. 2004లో జర్మన్ శాస్త్రవేత్త టిల్ రోన్నెబర్గ్ బృందం, ఈ ఆలస్యం ఇరవయ్యేళ్ల ప్రాయంలో శిఖరానికి చేరి అక్కడి నుంచి మళ్లీ వెనక్కి తిరుగుతుందని చూపించింది.

ఎంత నిద్ర కావాలన్నదాని మీద పెద్ద తగాదా లేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటలని చెప్పింది. తగాదా ఎక్కడంటే, ఆలస్యంగా నిద్రపోవడంలో ఒంటి స్వభావం ఎంత, లైట్లు, ఫోన్లు, హోంవర్కు ఎంత అన్నదాని దగ్గర. రెండూ కలిసే పనిచేస్తాయని ఒప్పుకోవడమే న్యాయం. శరీరం ఒక గంట ఆలస్యం చేస్తే, ఫోను వెలుగు దానికి మరికొంత చేర్చగలదు. అంతమాత్రాన మొదటి గంట అబద్ధమైపోదు. ఇంకొక సంగతి ఉంది. కలలు వచ్చే దశ నిద్రలో ఎక్కువ భాగం తెల్లవారుజామునే ఉంటుంది. పదకొండింటికి పడుకున్న పిల్లను ఐదింటికి లేపితే పోయేది రెండు గంటల నిద్రే అయినా, ఆ దశ నిద్రలో పెద్ద వాటా అందులోనే పోతుంది.

మిన్నెసోటా నుంచి ఫ్లోరిడా దాకా

అమెరికాలో ఈ చర్చ ఎందుకు పుట్టిందో తెలియకపోతే దాని ఫలితాలను మనకు సరిగా అన్వయించుకోలేం. అక్కడి జిల్లాలు ఒకే పసుపు బస్సును రెండు మూడు విడతలుగా తిప్పి డబ్బు ఆదా చేస్తాయి. పెద్దపిల్లలను ముందు, చిన్నపిల్లలను వెనుక తీసుకెళ్లడం రివాజైంది. దాంతో హైస్కూళ్లు ఏడుంబావుకే తెరిచేవి. 1996లో మిన్నెసోటా రాష్ట్రంలోని ఈడైనా తన హైస్కూలును 8.30కు మార్చింది. మరుసటి ఏడాది పక్కనే ఉన్న మినియాపొలిస్ నగరం 7.15 నుంచి 8.40కి జరిగింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన కైలా వాల్‌స్ట్రామ్ ఈ రెండు మార్పులనూ ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. 2014లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, కౌమార విద్యార్థుల బడి 8.30కు ముందు మొదలవకూడదని విధానపత్రం ఇచ్చింది. 2019లో కాలిఫోర్నియా దాన్ని చట్టం చేసి, 2022 జూలై నుంచి అమలులోకి తెచ్చింది. హైస్కూళ్లు 8.30కు ముందు, మిడిల్ స్కూళ్లు 8కి ముందు తెరవకూడదన్నారు. ఫ్లోరిడా 2023లో అలాంటి చట్టమే చేసి, అమలు గడువు రాకముందే 2025లో వెనక్కి తీసుకుంది. బస్సులు, డ్రైవర్లు, ఖర్చు దగ్గర అది ఆగిపోయింది. శాస్త్రం ఓడిపోయి ఆగలేదు, బస్సులు చాలక ఆగింది. మన జిల్లాల్లో ఏ వేళ మార్చాలన్నా ఎదురయ్యే గోడ కూడా ఇదే కాబట్టి ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఉదయం పది గంటలకు మొదలయ్యే బడిని పెద్ద ఎత్తున పరీక్షించాలనుకున్నారు. వేళలు మార్చుకోవడానికి తగినన్ని బడులు ముందుకు రాక ఆ భాగాన్ని విరమించుకున్నారు. ఇండోనేసియాలో 2023లో కూపాంగ్ పట్టణంలో ఒక గవర్నరు క్రమశిక్షణ పేరుతో పన్నెండో తరగతి పిల్లలను ఉదయం 5.30కే బడికి రమ్మన్నారు. తెల్లారకముందే రోడ్ల మీద నడిచి వెళ్తున్న పిల్లలను చూసి తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు.

ఆధారాలు ఎంత గట్టివి?

సియాటిల్ అధ్యయనాన్ని అందరూ ఉదాహరిస్తారు. 2016లో ఆ నగరం హైస్కూళ్లను 7.50 నుంచి 8.45కు జరిపింది. రెండు బడుల్లో పిల్లల చేతికి కదలికలను నమోదుచేసే గడియారాల్లాంటి పరికరాలు కట్టి, మార్పుకు ముందూ తర్వాతా కొలిచారు. రాత్రి నిద్ర సగటున 34 నిమిషాలు పెరిగి, 6 గంటల 50 నిమిషాల నుంచి 7 గంటల 24 నిమిషాలకు చేరిందని 2018లో ప్రకటించారు. మార్కులూ కొంత మెరుగయ్యాయి. అయితే ముందు కొలిచిన పిల్లలు వేరు, తర్వాత కొలిచినవాళ్లు వేరు. బడులు రెండే. ఇలాంటి బలహీనతలు చాలా అధ్యయనాల్లో ఉన్నాయి. 2017లో కాక్రేన్ సమీక్ష 11 అధ్యయనాలను, దాదాపు 3 లక్షల మంది విద్యార్థుల సమాచారాన్ని ఒకచోట పెట్టి చూసి, లాభం ఉండే సూచనలున్నాయి కానీ ఆధారాల నాణ్యత తక్కువని జాగ్రత్తగా చెప్పింది. దీనికంటే బలమైన రుజువు అమెరికా వైమానిక దళ అకాడమీ నుంచి వచ్చింది. అక్కడ ఎవరికి ఏ వేళ క్లాసు పడుతుందో విద్యార్థి ఎంచుకోలేడు. ఎనిమిదికి ముందు మొదటి క్లాసు పడ్డవాళ్లు ఆ ఒక్క క్లాసులోనే కాక ఆ రోజు మిగతా క్లాసుల్లోనూ వెనకబడ్డారని 2011లో వెలువడిన పరిశోధన చూపించింది. బద్ధకస్తులే పొద్దుటి క్లాసులో వెనకబడతారనే వాదనకు ఇది జవాబు.

మనకు ఎక్కువ పనికొచ్చేవి ఆసియా అనుభవాలు. సింగపూర్‌లో ఒక బాలికల ఉన్నత పాఠశాల 7.30 బడిని 8.15కు జరిపింది. నెల తర్వాత చూస్తే పడకమీద గడిపే సమయం 23 నిమిషాలు పెరిగింది. తొమ్మిది నెలల తర్వాత మిగిలిన నిద్ర లాభం పది నిమిషాలే. పగటి మత్తు తగ్గడం, మనసు తేలికపడడం మాత్రం నిలిచాయి. దక్షిణ కొరియాలోని గ్యోంగీ రాష్ట్రం 2014 సెప్టెంబరు నుంచి బడిని 9 గంటలకు మార్చింది. మొదట్లో పెరిగిన నిద్ర తర్వాతి కాలంలో కరిగిపోయింది. ప్రైవేటు కోచింగ్ కేంద్రాలు రాత్రిళ్లు లాగుతూ ఉంటే పొద్దున దొరికిన అరగంట రాత్రివైపు జారిపోతుంది. సియోల్‌లో ఆ కేంద్రాలు రాత్రి పదింటికి మూయాలని నిబంధన పెట్టవలసి వచ్చింది ఇందుకే. అమెరికా, ఆసియా ఫలితాలను పక్కపక్కన పెడితే తేడా అర్థమవుతుంది. సాయంత్రాలు కొంతైనా ఖాళీగా ఉన్నచోట బడిని జరిపితే నిద్ర పెరిగింది. సాయంత్రం కూడా పరీక్షల పాలైన చోట పొద్దుటి మార్పు ఒక్కటే నిలబడలేదు. మనం రెండో జాబితాలోనే ఉన్నాం.

మన తొమ్మిది గంటల బడి

నేరేడుచర్ల మండలంలోని ఒక పల్లె నుంచి వచ్చే పదో తరగతి విద్యార్థి రోజును లెక్కవేసి చూద్దాం. బడి తొమ్మిదింటికి. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడేకొద్దీ బడికి ముందొక గంట, తర్వాతొక గంట స్పెషల్ క్లాసులు పెట్టడం రాష్ట్రమంతటా ఆనవాయితీ. అంటే ఎనిమిదింటికే బడిలో ఉండాలి. ఆటోకో పల్లెవెలుగు బస్సుకో ఏడుంబావుకు రోడ్డెక్కాలి. యాసంగి నాట్లు పడేది సరిగ్గా ఈ స్పెషల్ క్లాసుల రోజుల్లోనే. తల్లి నాట్లకు పోయే ఇంట్లో వాకిలి ఊడవడం, నీళ్లు పట్టడం, తమ్ముడికి తల దువ్వడం పదిహేనేళ్ల ఆడపిల్ల వంతు. అలా ఐదున్నరకు లేవక తప్పదు. సాయంత్రం క్లాసు ముగిసి ఇల్లు చేరేసరికి చీకటి. తిని, చదివి పదకొండింటికి పడుకుంటే ఆరున్నర గంటల నిద్ర. మధ్యలో ట్యూషనుంటే ఇంకా తక్కువ. ప్రైవేటు బడి బస్సు ఊళ్లన్నీ తిరిగి మిర్యాలగూడకో కోదాడకో చేరవలసి ఉంటే, ఆ దారిలో మొదట ఎక్కే పిల్లకు మేలుకొలుపు ఇంకా ముందే. ఈ లెక్కలో బడి తొమ్మిదికి తెరిచినా తొమ్మిదిన్నరకు తెరిచినా, స్పెషల్ క్లాసు దానికి ముందే అతుక్కుని ఉన్నంతకాలం, పిల్ల లేచే వేళలో పెద్ద తేడా రాదు. 2024 ఉత్తర్వులో నాకు కనిపించే లోపం అరగంట ముందుకు తేవడం కాదు. ఆ అరగంటతోపాటు స్పెషల్ క్లాసు కూడా ముందుకు జరుగుతుందని ఎవరూ లెక్కవేయకపోవడమే లోపం. 4.15కే వదిలితే ఆడపిల్లలు పొద్దుండగానే ఇల్లు చేరతారన్న మాటకు నేను విలువ ఇస్తాను. కానీ టెన్త్ పిల్లల విషయంలో ఆ లాభాన్ని సాయంత్రపు క్లాసు తినేస్తోంది.

గురుకులాలు, సంక్షేమ హాస్టళ్ల సంగతి ఇంకొకటి. అక్కడ ప్రయాణం లేదు. పడక నుంచి తరగతి గదికి నడిచి వెళ్లేంత దూరమే. నిద్రకు అన్నిటికన్నా అనువైన చోటు అదే కావాలి. అయినా ఐదు, ఐదున్నరకు లేపి వ్యాయామం, స్నానాలు, స్టడీ అవర్ అని నడిపించడమే పద్ధతిగా స్థిరపడింది. దీనికి జీవశాస్త్రంలో కారణం వెతకడం దండగ. వందల మంది పిల్లలకు చాలినన్ని స్నానాల గదులు లేకపోవడం ఒక కారణం. తెల్లారగట్ల చదివించే వార్డెనే మంచి వార్డెన్ అన్న నమ్మకం మరో కారణం. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇది ఇంకా ముదిరింది. అక్కడి ఒత్తిడి మీద ఉమ్మడి రాష్ట్రంలో 2001లో నీరదారెడ్డి కమిటీ, ఆంధ్రప్రదేశ్‌లో 2017లో చక్రపాణి కమిటీ పనిచేశాయి. అదే 2017లో తెలంగాణ ఇంటర్ బోర్డు, రెసిడెన్షియల్ కాలేజీలు విద్యార్థికి కనీసం ఎనిమిది గంటల నిద్ర ఇవ్వాలని మార్గదర్శకాల్లో చెప్పింది. నిద్రను గంటల్లో చెప్పిన నిబంధన మన దగ్గర ఉన్నదే. కోచింగ్ కేంద్రాలపై కేంద్ర ప్రభుత్వం 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా రోజుకు ఐదు గంటలు మించి తరగతులు వద్దని, మరీ పొద్దున్నే, మరీ పొద్దుపోయాక పెట్టవద్దని అన్నాయి. ఏ తనిఖీకి వచ్చిన అధికారైనా భవనం, ఫైరు సర్టిఫికెట్, ఫీజు రసీదు చూస్తారు. లైట్లు ఎన్నింటికి ఆరుతున్నాయో చూడడానికి రాత్రి పదకొండింటికి రారు.

2025 ఫిబ్రవరిలో మన పక్క జిల్లాలో జరిగిన ఒక సంఘటన ఈ చర్చలోని రెండు విలువలనూ ఒకేచోట చూపిస్తుంది. యాదాద్రి భువనగిరి జిల్లా కలెక్టరు హనుమంతరావు తెల్లవారుజామున ఐదింటికి సంస్థాన్ నారాయణపురం మండలంలో ఒక పదో తరగతి విద్యార్థి ఇంటి తలుపు తట్టి, లేపి, పక్కన కూర్చుని ధైర్యం చెప్పారు. చదువుకోవడానికి కుర్చీ ఇచ్చారు, ఆర్థిక సాయం చేశారు. జిల్లా అధికారి ఒక పేదింటి గడప దాకా వెళ్లడం గొప్ప పని. ఆ గౌరవం ఆ కుటుంబానికి అవసరం. కానీ ఆ వేళ జిల్లాలోని వేల మంది పిల్లలకు, వాళ్ల ఉపాధ్యాయులకు ఒక ప్రమాణంగా మారుతుంది. అదే అధికారి సాయంత్రం ఆరింటికి వెళ్లి ఉంటే గౌరవం అంతే దక్కేది, రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావని అడిగే వీలు కూడా ఉండేది.

తెల్లారగట్ల చదువు

పొద్దున్నే చదివినది తలకెక్కుతుందన్న నమ్మకం మన దగ్గర ఎంత పాతదో చెప్పనక్కరలేదు. సూర్యోదయానికి గంటన్నర ముందు వచ్చే బ్రాహ్మీ ముహూర్తాన్ని విద్యకు శ్రేష్ఠమని పెద్దలు చెబుతూ వచ్చారు. దాన్ని మూఢనమ్మకమని కొట్టేయడం తప్పు. కరెంటు లేని కాలంలో పొద్దుగూకాక దీపం ఖర్చు. ఏడింటికి తిని ఎనిమిదింటికి పడుకున్న ఊళ్లో నాలుగున్నరకు లేచినవాడు ఎనిమిదిన్నర గంటలు నిద్రపోయి లేచాడు. ఆ వేళ ఇంట్లో సద్దు ఉండదు, ఎండ ఉండదు. ఆ ఆచారం నిద్రను తగ్గించలేదు, ముందుకు జరిపిందంతే. ఇప్పుడు మనం రాత్రి పడకను పదకొండుకు తెచ్చి, పొద్దుటి మేలుకొలుపును మాత్రం పాత చోటే ఉంచాం. ఆచారంలో సగాన్ని పాటిస్తూ దానిపేరు చెప్పుకుంటున్నాం. జనవరి మధ్యలో నేరేడుచర్లలో పొద్దు పొడిచేది 6.40 దాటాకే. ఐదింటికి లేచిన పిల్ల గంటన్నరకు పైగా చీకట్లో, ఒళ్లు ఇంకా నిద్రలోనే ఉన్నప్పుడు పుస్తకం పట్టుకుంటుంది. సహజంగానే పెందలాడే నిద్రపట్టి తెల్లారగట్ల తేరుకునే పిల్లలూ కొందరు ఉంటారు. వాళ్లను చదవనివ్వాలి. తప్పనిసరి చేయడం దగ్గరే నా అభ్యంతరం.

పోటీని చూపించే అభ్యంతరం దీనికంటే బరువైనది. పక్క కాలేజీ పద్నాలుగు గంటలు చదివిస్తుంటే మా పిల్ల ఎనిమిది గంటలు పడుకుంటే సీటు ఎవరికి వస్తుందని అడిగే తండ్రికి హార్మోన్ల పాఠం చెప్పి లాభం లేదు. అతని భయం నిజం. ఒక్క ఇల్లు, ఒక్క బడి మాత్రమే తగ్గితే నష్టపోతామన్న భయం ఉన్నచోట అందరికీ ఒకేసారి వర్తించే నిబంధనే దారి. సియోల్ చేసింది అదే. నిద్ర తగ్గిన పిల్ల పుస్తకం ముందు కూర్చున్న గంటల్లో ఎంత తలకెక్కుతుందన్నది వేరే ప్రశ్న. చదివినది జ్ఞాపకంగా కుదురుకోవడంలో నిద్రకు పాత్ర ఉందన్నది నిద్రశాస్త్రంలో బాగా నిలబడ్డ విషయాల్లో ఒకటి. అయినా ఆ ఒక్క మాటతో పోటీ భయం పోదని ఒప్పుకోవాలి.

మూడో అభ్యంతరం కూలి ఇళ్ల నుంచి వస్తుంది. తల్లిదండ్రులు ఏడింటికే పనికి వెళ్లిపోతే, బడి పదింటికి పెడితే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి? ఇది పూర్తిగా న్యాయమైన మాట. అమెరికాలోలా చిన్నపిల్లల బడి ముందు, పెద్దపిల్లల బడి వెనుక అన్న పరిష్కారం కూడా ఇక్కడ సరిగా అతకదు. మన పల్లెల్లో అక్కే తమ్ముణ్ని చేయిపట్టుకుని బడికి తీసుకెళ్తుంది. 2024 ఉత్తర్వు వేళలు కలపడంలో ఆ మేరకు మేలు ఉంది. మహారాష్ట్ర 2024 ఫిబ్రవరిలో, గవర్నరు రమేశ్ బైస్ సూచన తర్వాత, నాలుగో తరగతి దాకా బడులు తొమ్మిదికి ముందు తెరవవద్దని ఆదేశించింది. నిద్ర పేరెత్తి వచ్చిన ఆదేశం కాబట్టి సంతోషించాలి. కానీ పొద్దున్నే లేవడం సహజంగా తేలికైన వయసుకు సడలింపు ఇచ్చి, కష్టమైన వయసును వదిలేసింది. కేరళ 2025లో హైస్కూలుకు అరగంట కలిపి 9.45 నుంచి 4.15 దాకా చేసినప్పుడు పొద్దుటి మదరసా చదువుకు అడ్డని ముస్లిం సంస్థలు నిరసించాయి. ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో కొన్ని హైస్కూళ్లలో సాయంత్రం ఐదు దాకా బడి నడిపి చూసింది. అన్నిచోట్లా బడి చుట్టూ ఉన్న గంటలకోసమే పెనుగులాట. కేరళలో ఆ పొద్దుటి గంట మతవిద్యది, మన దగ్గర ట్యూషన్‌ది, స్పెషల్ క్లాసుది.

నాలుగో అభ్యంతరాన్ని మన దగ్గర ఎవరూ ఇంకా ఎత్తలేదు, ఎత్తవలసింది మాత్రం అదే. చెన్నైలో కూలిపనులు చేసుకునే పెద్దవాళ్ల నిద్రను ఆర్థికవేత్తలు పరికరాలతో కొలిచి 2021లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, వాళ్లు రాత్రి ఎనిమిది గంటలు పడకమీద ఉన్నా నిద్రపోతున్నది ఐదున్నర గంటలే. వేడి, దోమలు, రొద నిద్రను ముక్కలు చేస్తున్నాయి. రాత్రి నిద్రను దాదాపు అరగంట పెంచినా పనిలో, ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పగటిపూట చిన్న కునుకు మాత్రం మేలు చేసింది. అది పెద్దవాళ్ల మీద చేసిన పరిశోధన, పిల్లలకు నేరుగా వర్తించదు. కానీ రేకుల ఇంట్లో, ఏప్రిల్ రాత్రి, ఫ్యాను కింద పడుకునే పిల్లకు గంట ఎక్కువ సమయం ఇచ్చినంతమాత్రాన గంట నిద్ర వస్తుందని అనుకోవడానికి లేదని అది హెచ్చరిస్తుంది. హాస్టళ్లలో దోమల మెష్‌లు, ఫ్యాన్లు, పడుకునే గదిలో చీకటి కూడా నిద్ర విధానంలో భాగమే కావాలి. మధ్యాహ్న భోజనం తర్వాత ఇరవై నిమిషాలు తల వాల్చుకోనిచ్చే పీరియడ్ గురించి మన విద్యాశాఖ ఎందుకు ఆలోచించకూడదో నాకు అర్థం కాదు.

సూర్యాస్తమయం చెప్పిన సాక్ష్యం

మన దేశం నుంచి వచ్చిన సాక్ష్యాల్లో అన్నిటికన్నా విలువైనది మౌలిక్ జాగ్నాని అనే ఆర్థికవేత్తది. దేశమంతటికీ ఒకే సమయం కాబట్టి, తూర్పున పొద్దు ముందే గూకుతుంది, పడమరన ఆలస్యంగా గూకుతుంది. బడులు మాత్రం గడియారం ప్రకారమే తెరుస్తారు. పొద్దు ఆలస్యంగా గూకేచోట పిల్లలు ఆలస్యంగా పడుకుంటారు, లేవడం మాత్రం అదే వేళకు. సూర్యాస్తమయం ఒక గంట ఆలస్యమైతే పిల్లల నిద్ర అరగంట తగ్గుతోందని, మొత్తం మీద చదువు 0.8 ఏళ్లు కోతపడుతోందని ఆయన లెక్కతేల్చారు. పేద ఇళ్లలో నష్టం ఎక్కువ. మన సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది. నేరేడుచర్ల దానికి పడమరగా మూడు డిగ్రీల లోపే ఉంది కాబట్టి, గుజరాత్‌లో ఉన్నంత సమస్య ఇక్కడ లేదు. కానీ ఆ పరిశోధన చెప్పే సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. పడుకునే వేళ జారినా లేచే వేళ కదలకపోతే, మధ్యలో నలిగేది నిద్రే. లేచే వేళను గట్టిగా పట్టి ఉంచేది మన దగ్గర స్పెషల్ క్లాసు, బస్సు, స్టడీ అవర్. కదిలించగలిగినవీ అవే.

ఇంతవరకు చూసినదాన్నిబట్టి సూర్యాపేట, నల్లగొండ జిల్లాల వంటి చోట్ల బడి వేళను తొమ్మిది దగ్గరే ఉంచి, చుట్టూ ఉన్న గంటలను సరిచేయడం సాధ్యమైన పని. ఎనిమిదో తరగతి నుంచి పైవాళ్లకు బడికి ముందు ఏ తప్పనిసరి తరగతీ వద్దనడం, టెన్త్ స్పెషల్ క్లాసును సాయంత్రపు ఒక్క గంటకే పరిమితం చేసి ఆ గంటలోనే మరునాటి హోంవర్కు పూర్తి చేయించడం, గురుకులాల్లో, ఇంటర్ హాస్టళ్లలో రాత్రి పదికి లైట్లు ఆర్పి ఆరింటికి ముందు లేపకపోవడం. వీటికి కొత్త బస్సులు అక్కర్లేదు. పొద్దుటి గంటను తీసేస్తే ఉపాధ్యాయులకూ ఊరటే. సాయంత్రపు గంటకు మాత్రం బస్సు కావాలి. ఆడవారికి ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లెవెలుగు బస్సుల్లో రద్దీ పెరిగిన సంగతి తెలిసిందే కాబట్టి ఐదున్నర వేళకు ఆడపిల్లల కోసం ఒక ట్రిప్పు అడగడం న్యాయమైన కోరిక.

ఇంకా తేలనివి

ఒంటిపూట బడి విషయంలో తేలిక జవాబు లేదు. మార్చి నడిమి నుంచి బడి 8 గంటలకే మొదలై 12.30కు ముగుస్తుంది. సాగర్ ఆయకట్టులో ఏప్రిల్ ఎండలు తెలిసినవారెవరూ దాన్ని ఆలస్యం చేయమనరు. ఎండదెబ్బ ముందు నిద్రలేమి చిన్న ప్రమాదం. అయితే మధ్యాహ్నం ఇల్లు చేరిన పిల్లకు కునుకు తీసే వీలుంటుంది. ఆ వీలును తినేది మధ్యాహ్నపు ట్యూషన్. పదో తరగతి పరీక్షలు 9.30కు, ఇంటర్ పరీక్షలు 9కి. 2024 దాకా ఇంటర్‌లో ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వని నియమం ఉండేది, తర్వాత ఐదు నిమిషాల సడలింపు ఇచ్చారు. సెంటరు పరాయి ఊళ్లో పడ్డ పిల్లకు పరీక్ష ముందురాత్రి ఆ భయంతోనే నిద్ర పట్టదు. పరీక్షను పదింటికి మార్చితే మార్చి ఎండకు పెద్దగా నష్టం ఉండదని నా అభిప్రాయం, ప్రశ్నపత్రాల తరలింపు ఏర్పాట్లు చూసేవారు మరోలా అనవచ్చు.

కొలతల విషయం కూడా మిగిలే ఉంది. అమెరికా లాభాల లెక్కల్లో ఒక భాగం, సొంతంగా కారు నడుపుకుంటూ వచ్చే పిల్లల రోడ్డు ప్రమాదాలు తగ్గడం నుంచి వస్తుంది. ఆ లాభం మనకు వర్తించదు. మనకు వర్తించే లాభాలు హాజరు, క్లాసులో మెలకువ, మనసు స్థిమితం. విశాఖలో చదువుకుంటూ మరణించిన ఒక నీట్ విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలుచేసే పనిలో జిల్లా కమిటీలు హాస్టళ్లకు వెళ్లినప్పుడు, ఒక మామూలు వారంలో లైట్లు ఆరే వేళ, లేపే వేళ, శని ఆదివారాల్లో పిల్లలు సొంతంగా లేచే వేళ రాసుకోగలరు. చివరి రెండిటి మధ్య తేడా రెండు గంటలు దాటితే, ఆ హాస్టల్లో వారమంతా నిద్ర బాకీ పెరుగుతోందని అర్థం. దానికి పరికరాలు, ప్రయోగశాలలు అక్కర్లేదు, ఒక నోటు పుస్తకం చాలు. ఈ లెక్క మొదట ఆడపిల్లల గురుకులాల్లోనే మొదలుకావాలి. ఇంట్లో ఉన్నప్పుడు పొద్దుటి పని వాళ్ల మీదే పడుతుంది కాబట్టి, సెలవుకు వెళ్లొచ్చిన వారంలో, హాస్టల్లో ఉన్న వారంలో నిద్ర ఎంత తేడాగా ఉందో తెలిస్తే, ఇంటిపని వాటా ఎంత, బడి వాటా ఎంత అన్నది వేరుచేసి చూడవచ్చు.